వెంటిలేటరుకు కుక్కిన దుప్పటి

పొద్దున పది గంటలైనా పొగమంచు విడలేదు. ఎదురింటి గేటు కూడా కనిపించడం లేదు. ఎదుటివాళ్ళు చెప్పేది సగం విని, మిగతా సగం తెలిసినట్టే తల ఊపే ఒక తల్లి ఆదిలాబాద్‌లో ఉండేది. ఆ తల్లిని నేనే.

నా కూతురు సుచరిత పురిటికి మా ఇంట్లోనే ఉంది. పాప పుట్టి పన్నెండు రోజులు. ఆ చలికి వేడినీళ్ళు చాలడం లేదని గ్యాస్ గీజరు తెప్పించాం. బిగించడానికి రహీం వచ్చాడు. స్నానాల గది చూసి తల అడ్డంగా ఊపాడు.

“బయటి గోడకు పెడదాం అమ్మా. పైపు లోపలికి ఇస్తాను.”

“బయట పెడితే నీళ్ళు వచ్చేలోపే చల్లారతాయి. లోపలే పెట్టు,” అన్నాను.

“మంట మండాలంటే గాలి కావాలి. ఇంత చిన్న గదిలో నా చేత్తో నేను పెట్టను.”

“నువ్వు కాకపోతే ఇంకొకరు పెడతారులే.”

అతను సామాను సంచి భుజాన వేసుకున్నాడు. “ఎవరు పెట్టినా సరే, చుట్టూ మూరెడు ఖాళీ ఉంచండి. పక్కన బట్టలు వేలాడనివ్వకండి. ఇక ఆ వెంటిలేటరు...”

“తెలుసులే నాయనా,” అని తలుపు వేశాను.

మర్నాడు ఇంకొకతను వచ్చాడు. నేను చూపించిన చోటే బిగించి, టీ తాగి వెళ్ళాడు. నేను దండెం విప్పేశాను, ప్లాస్టిక్ బకెట్లు దూరం జరిపాను. దేనికీ మంట అంటుకోదు కదా అని మురిసిపోయాను. వెంటిలేటరు సంగతి చివరిదాకా వినలేదు. అందుకే అది తోచనూ లేదు.

ఆ మరుసటి రోజు ఎల్లవ్వ వచ్చింది. మా వీధిలో బాలింతలకు, పసిపిల్లలకు నీళ్ళు పోసేది ఆమే.

“పచ్చి బాలింత. పైనుంచి గాలి కొడుతుంది, జర మూయి బిడ్డా,” అంది.

పాత దుప్పటి మడిచి వెంటిలేటరులో కుక్కాను. ఎక్కడా సందు లేకుండా కుక్కాను. గీజరు వెలిగించాక ఎల్లవ్వ, సుచరిత, పాప ముగ్గురూ లోపలికి వెళ్ళారు. తలుపు దగ్గరగా వేశాను.

సాంబ్రాణికి పెరట్లో నిప్పులు రాజేస్తున్నాను. లోపల ఎల్లవ్వ కబుర్లు వినిపిస్తున్నాయి. “నీ బిడ్డ నన్నే తంతుందే సుచరితా. ఎవరి పోలికనో మరి.”

“మా అమ్మ పోలికే అవ్వా. చెప్పేది వినదు.”

నాకు నవ్వొచ్చింది.

కాసేపటికి నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. పిలిచాను. పలకలేదు. పాప కూడా ఏడవడం లేదు.

తలుపు తోశాను. ఎల్లవ్వ గోడకు ఒరిగి ఉంది. చాచిన ఆమె కాళ్ళ మీద పాప. సుచరిత నేల మీద పడి ఉంది. గీజరు మండుతూనే ఉంది.

పాపను ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తి కేకలు పెట్టాను. పక్కింటివాళ్ళు వచ్చారు. ఒకరు సిలిండరు కట్టేశారు, ఇద్దరు వాళ్ళను బయటికి లాగారు. పాపను టవల్లో చుట్టి వీపు రుద్దుతున్నాను. ఏడవలేదు. ఇంకా రుద్దాను. అంబులెన్సు వచ్చేవేళకు సన్నగా ఒక్క మూలుగు వినిపించింది.

ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు.

“గాలి చాలక మంట విషవాయువు వదిలింది. దానికి వాసన ఉండదమ్మా. లోపలున్నవాళ్ళకు తెలియదు,” అన్నారు డాక్టరు.

సాయంత్రానికి ఎల్లవ్వ కళ్ళు తెరిచింది.

“నలభై ఏండ్ల సంది గాలి తగలకుండనే నీళ్ళు పోస్తున్న,” అంది. “అప్పుడు పొయ్యి పెరట్ల ఉండె బిడ్డా.”

పెరట్లో ఉండాల్సిన మంటను గదిలోకి తెచ్చింది నేను. దుప్పటి కుక్కిందీ నేనే.

నాలుగో రోజు ఇంటికి పంపించారు. అప్పటికే నేను పిలిపిస్తే రహీం వచ్చి గీజరును బయటి గోడకు మార్చాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఆటోలోంచి ముందు ఎల్లవ్వ దిగింది. ఒకరు. సుచరిత దిగింది. ఇద్దరు. ఆమె ఒళ్ళో పాప కాలు కదిలింది. ముగ్గురు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. ముగ్గురూ ఉన్నారు.

మంట ఉన్నచోట చుట్టూ ఖాళీ ఉండాలి, గాలి ఆడాలి. తెలిసినవాడు చెప్పే మాటను చివరిదాకా వినాలి.