కోయకుండా ఉంచిన చేను

బొబ్బిలిలో ఫ్యాన్లు, మిక్సీలు అమ్ముకునే గురునాథం చాలా మంచివాడు గాని, ఖాయం చేసుకున్న ఏ పని మీదా ఆఖరి ఘడియ దాకా నిలబడేవాడు కాదు. హోటలుకు వెళితే, దోసె పెనం మీద పడ్డాక పెసరట్టు కావాలనేవాడు. చొక్కా కొంటే రెండుసార్లయినా మార్చుకునేవాడు. ఇంతకంటే మంచిది ఇంకెక్కడో ఉండే ఉంటుందని, అది తన చేయి జారిపోతోందని అతనికి ఎప్పుడూ ఒకటే గుబులు. భార్య హేమలత మొదట్లో విసుక్కునేది. తర్వాత తర్వాత, "ఈయన రైలెక్కి, ఆ రైలు కదిలితే గాని మేం ఊరెళ్తున్నట్టు కాదు" అని నవ్వి ఊరుకునేది.

ఆ ఇంట్లో గురునాథం అక్క సన్యాసమ్మ కూడా ఉండేది. చిన్నప్పుడే తల్లి పోతే, తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. భర్త పోయాక తమ్ముడి దగ్గరకే వచ్చేసింది. అరవై దాటాక ఆవిడ కళ్లకు నీటికాసుల జబ్బు వచ్చింది. పక్కనున్నవేవీ కనబడేవి కావు. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనబడేది. విశాఖపట్నంలో డాక్టరు చుక్కల మందు రాసిచ్చి, గురునాథాన్ని పక్కకు పిలిచాడు.

"పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది ఎన్నాళ్లుంటుందో నేను చెప్పలేను. ఆవిడ చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఇప్పుడే చూపించండి" అన్నాడు.

ఇంటికొచ్చాక గురునాథం అక్కను అడిగాడు. "నీకేటైనా చూడాలనుందా అక్కా?"

సన్యాసమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వలిసె పువ్వులు చూడాలనుందిరా. నాన్న అరకు లైన్లో పట్టాల పని చేసినప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు. కొండ మొదలు దాకా పసుపు ఆరబోసినట్టు ఒకటే చేలు. నాన్న నన్ను భుజమ్మీద కూకోబెట్టుకుని చూపించాడు. మళ్లీ చూడనేలేదు."

వలిసె నూనెగింజల పంట. అరకు లోయలో చలి మొదలయ్యే రోజుల్లో పూస్తుంది. కొన్ని వారాలు కళ్లు చెదిరేలా ఉండి, తర్వాత గింజ పట్టి ఎండిపోతుంది. గురునాథం ఆ రోజే ఫోనులో వెతికి, నవంబరు రెండో శనివారానికి లోయలో ఒక గది బుక్ చేశాడు. అది బుద్రి అనే గిరిజన రైతు ఇల్లు. చూడవచ్చేవాళ్ల కోసం ఆవిడ తన చేను పక్కనే రెండు గదులు కట్టించుకుంది.

బుద్రి ఊళ్లో ఫోనుకు సిగ్నల్ ఉండదు. ప్రతి శుక్రవారం ఆవిడ కొండ దిగి సంతకు వచ్చినప్పుడు మాత్రమే ఫోను పనిచేసేది. వచ్చే అతిథులు ఏం తింటారో కనుక్కోవడానికి ఆవిడ సంతలోంచే ఫోను చేసేది. ఆ శుక్రవారం ఫోను సన్యాసమ్మ తీసింది. కూరల దగ్గర మొదలైన మాటలు ఎక్కడెక్కడికో వెళ్లాయి. ఇద్దరూ ఒక ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లలా అరగంట మాట్లాడుకున్నారు.

"కిటికీ ఎదురుగానే చేనుందమ్మా. మంచమ్మీద కూచునే చూడొచ్చు. వచ్చేయండి" అంది బుద్రి.

ఆ రోజు నుంచి సన్యాసమ్మ ముఖం వెలిగిపోయింది. గురునాథం కూతురు చందన ఏడో తరగతి చదివేది. అత్త కోసమని క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. ఆ సున్నాను సన్యాసమ్మ రోజూ దగ్గరకు వెళ్లి, కళ్లు చికిలించి చూసుకునేది.

ప్రయాణం ఇంకా మూడు రోజులుందనగా, పక్క షాపతను గురునాథంతో ఒక మాటన్నాడు. "ఇప్పుడే ఎందుకండీ? నెలాఖరుకి వెళ్తే మంచు బ్రహ్మాండంగా ఉంటుంది." అంతే. గురునాథం అక్కడికక్కడే తేదీని నెలాఖరు శనివారానికి మార్చేశాడు.

రెండు రోజుల తర్వాత, శుక్రవారం సంతలో ఆ మెసేజీ చూసుకుని బుద్రి ఫోను చేసింది. "పర్లేదులే అమ్మా. అప్పటికి అందరూ కోతలు మొదలెట్టేస్తారు. కిటికీ ఎదుటి చేను చెక్క మాత్రం నేను కొయ్యను. కింద గింజ ముదిరినా పైకొసన పువ్వులుంటాయి. నువ్వు చూశాకే కొడవలి పెడతాను" అంది.

సన్యాసమ్మ ఈ మాట తమ్ముడికి చెప్పింది. అతను ఫోను చూసుకుంటూనే ఊఁ కొట్టాడు.

నెలాఖరు వచ్చింది. శుక్రవారం సాయంత్రానికి సంచులు హాల్లోకి చేరాయి. హేమలత చేగోడీలు వేయించి డబ్బాకెత్తింది. సన్యాసమ్మ బుద్రికి ఇవ్వడానికని ఒక రవికె గుడ్డ కొని, తన సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకుంది. సరిగ్గా అప్పుడు గురునాథం ఫోనులోంచి తలెత్తి, "భీమిలిలో సముద్రం ఎదురుగా గది ఖాళీ అయింది! ఒక్కటే ఉంది!" అని కేక పెట్టాడు.

హేమలత చేగోడీల డబ్బాను సంచిలో పెట్టబోతూ ఆగింది.

"అరకుది రద్దు చేసేద్దాం. ఆరు గంటల్లోపు రద్దు చేస్తే కట్టిందంతా తిరిగొచ్చేస్తుంది. ఇంకా పావుగంట టైముంది" అన్నాడు.

"నాన్నా, అత్త పువ్వులు చూడాలంటేనే కదా వెళ్తున్నాం?" అంది చందన.

"పువ్వులు ప్రతి ఏడూ పూస్తాయమ్మా. సముద్రం ఎదురుగా గది దొరకడం మాటలా? అయినా ఇందులో ఎవరికీ నష్టం లేదు కదా!"

సన్యాసమ్మ మెల్లగా అంది. "సముద్రం ఎక్కడికీ పోదురా తమ్ముడూ. అక్కడ ఆ మనిషి మనకోసం చేను కొయ్యకుండా కూకుంది."

"ఆవిడకి మెసేజీ వెళ్లిపోద్దక్కా. ఆళ్లకి ఇదంతా అలవాటే" అని గురునాథం మీట నొక్కేశాడు.

ఈ 'అలవాటే' అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. అవతలివాళ్లు నోరెత్తకుండా భరించిన ప్రతిదాన్నీ మనం వాళ్ల అలవాటు కింద జమ కట్టేస్తాం.

ఆ సాయంత్రం సన్యాసమ్మ చందన చేత బుద్రికి నాలుగైదుసార్లు ఫోను చేయించింది. కలవలేదు. ఆవిడ సంచిలోంచి రవికె గుడ్డ తీసి, మడత సరిచేసి, మళ్లీ పెట్టెలో దాచింది. భీమిలి గది నిజంగానే బాగుంది. సన్యాసమ్మ రెండు రోజులూ సముద్రం వైపు తిరిగి కూర్చుంది. "బాగుందా అక్కా?" అని తమ్ముడు అడిగినప్పుడల్లా, "బాగుందిరా" అంది. ఆవిడ మనసు ఎక్కడుందో హేమలతకూ చందనకూ తెలుసు. గురునాథం మాత్రం గమనించలేదు.

ఇది జరిగిన పన్నెండు రోజులకు, ఒక ఉదయం గురునాథం కాఫీ తాగుతున్నాడు. ఇల్లంతా ఎండ పరుచుకుని ఉంది. లోపలి గదిలోంచి సన్యాసమ్మ పిలిచింది.

"హేమా, ఇంకా తెల్లారలేదా? లైటెయ్యమ్మా."

హేమలత పరుగెత్తింది. కిటికీలోంచి ఎండ నేరుగా సన్యాసమ్మ ముఖం మీదే పడుతోంది. ఆవిడ రెప్ప వెయ్యడం లేదు. గురునాథం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

విశాఖపట్నం తీసుకెళ్లారు. డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. చూపు రాలేదు. ఇంటికొచ్చాక గురునాథం అక్క కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నీకు పువ్వులు చూపించలేకపోయానక్కా" అన్నాడు.

సన్యాసమ్మ తడుముకుంటూ అతని తల మీద చెయ్యి వేసింది. "నా సంగతి సరేలేరా. ఆ బుద్రికి ఎదురుగా కూకుని ఒక్క మాట చెప్పాలి. మనం రానే లేదని ఏటనుకుందో. నన్ను తీసుకెళ్లు" అంది.

ఈసారి గురునాథం గది బుక్ చేశాక ఇక దాని జోలికి పోలేదు. డిసెంబరు మూడో వారంలో నలుగురూ కారులో బయల్దేరారు. లోయలో కోతలన్నీ అయిపోయాయి. ఎటు చూసినా మొదళ్లే మిగిలాయి. బుద్రి ఇంటి దగ్గర, కిటికీకి ఎదురుగా, ఒక్క చెక్క చేను మాత్రం నిలబడి ఉంది. నల్లగా, ఎండిపోయి, తలలు వాల్చేసి ఉంది.

బుద్రి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఇదొక్కటీ కొయ్యలేదేటమ్మా?" అన్నాడు గురునాథం. జవాబు అతనికి తెలుసు. అయినా అడిగాడు.

"అక్కకి చూపిస్తానన్నాను గదా బాబూ. శనివారం చూశాను. ఆదివారం చూశాను. బండి చెడిపోయిందేమో, రేపొస్తారేమో అనుకుని రోజూ చూశాను. నేను సంత నించి ఇంటికొచ్చేశాక మెసేజీ వేసినట్టున్నారు. మళ్లీ సంతకి దిగేదాకా నాకు తెలీలేదు. ఈలోగా గింజంతా రాలిపోయింది." బుద్రి చేను వైపు చెయ్యి చూపించింది. "మంచి గింజ పడుతుందని ఏటేటా ఈ చెక్కే విత్తనానికి ఉంచుకుంటాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే గురునాథానికి కాస్త తేలిగ్గా ఉండేది. అతని చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్లింది. బుద్రి తల అడ్డంగా ఊపింది.

"డబ్బెందుకు బాబూ? విత్తనం పక్కూళ్లో అడిగి తెచ్చుకుంటాను. ముందే ఒక్క కబురు అందుంటే సరిపోయేది" అంది. తర్వాత సన్యాసమ్మ వైపు తిరిగి, "ఏటమ్మా, నేనిక్కడుంటే అటు చూస్తన్నావు?" అంది.

"చూపు పోయిందమ్మా బుద్రీ" అంది సన్యాసమ్మ. "రెండు వారాలు కావస్తంది."

బుద్రి దగ్గరకు వచ్చింది. సన్యాసమ్మ చెయ్యి పట్టుకుని చేలోకి నడిపించింది. సన్యాసమ్మ ఎండిన మొక్కలను ఒక్కొక్కటిగా తడిమింది. తాకగానే అవి పొడిపొడిగా రాలిపోయాయి. "నాకోసం నిలబడే ఉన్నాయి పాపం" అంది. తర్వాత రవికె గుడ్డ తీసి బుద్రి చేతిలో పెట్టింది. గురునాథం అక్కడ ఉండలేక ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు నవంబరు రెండో శనివారానికి గురునాథం ఆ గదే బుక్ చేశాడు. రెండు రోజుల ముందు ముసురు పట్టింది. "వచ్చే వారానికి మార్చుకోండి" అని పక్క షాపతను సలహా ఇచ్చాడు. "లేదండీ. అక్కడ ఆవిడ మాకోసం చూస్తుంటుంది" అని గురునాథం వానలోనే బయల్దేరాడు.

శనివారం ఉదయానికి వాన తెరిపిచ్చింది. బుద్రి కిటికీ తెరిచింది. సన్యాసమ్మ మంచం మీద కూర్చుని ఆ వైపు ముఖం తిప్పింది.

"చెప్పరా తమ్ముడూ, ఎలాగున్నాయి?"

"పచ్చగా ఉన్నాయక్కా. పసుపు ఆరబోసినట్టే ఉన్నాయి."

"ఎందాకా ఉన్నాయి?"

"కొండ మొదలు దాకా."

"గాలికి ఊగుతన్నాయా?"

గురునాథం ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. చందనే అత్త చెయ్యి పట్టుకుని, "ఊగుతున్నాయత్తా" అంది. సన్యాసమ్మ తల ఊపి, చాలాసేపు అలాగే కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

గురునాథం అన్నట్టు పువ్వులు మళ్లీ పూశాయి; వాటిని చూడాల్సిన కళ్లకే చూపు లేకుండా పోయింది. మనం ఇచ్చిన మాటను నమ్ముకుని అవతల ఒకరు తమ పని ఆపుకుని కూర్చుంటారు. కాబట్టి ఇచ్చిన మాటను ఆఖరి ఘడియలో తేలిగ్గా మార్చకూడదు. మార్చక తప్పనప్పుడు, ఆ కబురు వారి చెవిన పడేదాకా మన బాధ్యత తీరదు.