బుచ్చిబాబు కడుపులో దయ్యం

అనగా అనగా, మన తాతలకి తాతలు కూడా పుట్టకముందు, ఒక దివాణం ఉండేదర్రా. ఆ దివాణంలో ఓ వింత ఆచారం. పీచున్నదేదీ దొరబిడ్డల నోట్లోకి పోకూడదు. పోతే పరువు తక్కువట. బీరపొట్టు? దూడకి. తోటకూర కాడ? దూడకి. గోరుచిక్కుడు? అదీ దూడకే. దివాణం దొరసాని మనవడు బుచ్చిబాబుకి మాత్రం నెయ్యన్నం, మళ్ళీ నెయ్యన్నం, ఆపైన పాలకోవా. ఊఁ కొట్టండర్రా, నిద్రపోతే కథ గోడకి చెప్పనా?

ఇంకేముంది, పిల్లాడి కడుపు రాయైపోయింది. దొడ్డికి రాదు. మెలికలు తిరిగి ఏడుస్తాడు. నాయనమ్మ వెంకాయమ్మ దొరసాని భూతవైద్యుణ్ణి పిలిపించింది. వాడు పొట్టమీద చెయ్యేసి చూసి, లోపల దయ్యం కూర్చుందీ, అమావాస్యనాడు కొడవలి ఎర్రగా కాల్చి వాత పెడతానూ అన్నాడు.

ఆ మాట తల్లి తాయారు చెవిన పడింది. అంత లేత పొట్టమీద వాతా! తాయారుది కూరపాదులు పెంచే ఇల్లు. పుట్టింట్లో ఎవరికైనా ఇలా బిగిస్తే ఏం పెట్టేవారో చూస్తూ పెరిగింది. దూడ గంపలోకి పోకముందే బీరపొట్టు లాక్కుని పచ్చడి నూరింది. కాడలు పులుసులో వేసింది. గోరుచిక్కుడు మెత్తగా ఉడికించింది. అత్తగారు పూజలో కూర్చోగానే ముద్ద పెట్టడం, నీళ్ళు తాగించడం. ముద్ద పెట్టడం, నీళ్ళు తాగించడం. అమావాస్య ముంచుకొచ్చేస్తోంది. పొట్ట కదిలితేనా!

అమావాస్య పొద్దున అత్తగారు చూడనే చూసింది, పిల్లాడి పళ్ళ సందున పీచు.

"దూడ మేత నా మనవడికి పెడతావుటే!"

ఒక్క పూట ఆగండి అత్తగారూ అని తాయారు కాళ్ళు పట్టుకుంది. వింటేనా? నిప్పుల్లో కొడవలి అప్పటికే ఎర్రబడిపోయింది. తాయారు పిల్లాడి మీద బోర్లా పడిపోయి, ముందు నాకు పెట్టు అంది. దాసీలు ఆవిణ్ణి పక్కకి లాగేశారు.

అప్పుడు బుచ్చిబాబు, "అమ్మా, దొడ్డికొస్తోందే!" అని కేకపెట్టాడు.

"అది దయ్యం మాటమ్మా! పట్టుకోండి, వదిల్తే పారిపోద్ది!" అని భూతవైద్యుడు కొడవలి ఎత్తాడు.

ఏంట్రా, ఊఁ కొట్టడం మానేసి ఊపిరి బిగబట్టారు? చెప్తున్నాగా.

వెంకాయమ్మ మనవడి మొహంకేసి చూసింది. చటుక్కున అడ్డమొచ్చి నిలబడింది. "దయ్యానికి దొడ్డికెందుకొస్తుందయ్యా! తప్పుకో!"

తాయారు పిల్లాణ్ణి చంకనేసుకుని పెరట్లోకి ఒకటే పరుగు. కాసేపటికి వాడు నవ్వుకుంటూ నడిచొచ్చాడు. పొట్ట దూదిలా ఉంది. వస్తూనే ఆకలన్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర వెంకాయమ్మ నేతిగిన్నె పక్కకి జరిపి, గొంతు బాగా తగ్గించి, "ఏమే తాయారూ, ఆ పచ్చడేదో నాక్కూడా కాస్త వెయ్యవే. నాదీ ఎన్నాళ్ళనుంచో ఇదే గొడవ" అందిట.

మరందుకే, రేపెవరైనా కంచంలో కాడలు పక్కన పెట్టారో, చెప్తా మీ సంగతి! బాగా నమలాలి, నీళ్ళు తాగాలి. కథేమో కంచి దారి పట్టేసింది, మీరింక దుప్పట్లోకి దూరండి.