చీలిన చార

అనగనగా ఒక ఊళ్ళో, ముందు కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, ఆఁ, ఎర్రయ్య అని ఒకాయన ఉండేవాడు. దసరాకి పులివేషాలు కట్టేవాళ్ళ ఒంటికి చారలు దిద్దడం ఆయన పని. కుడి పక్క ఎలా ఉంటే ఎడమ పక్కా అలానే ఉండాలాయనకి. ఒక్క గీత వంకర పోయినా తుడిచేసి మళ్ళీ గీసేవాడు. పనిమంతుడే, కాస్త గర్వం కూడానూ.

ఆ ఊరి జమీందారు తోటలో ఒక చారల గుర్రం ఉండేది. అదేనే, మీ బడి పుస్తకంలో జీబ్రా అని ఉంటుందే, అది. కడుపుతో ఉన్నదాన్ని ఓడ మీద తెప్పించారు. ఇక్కడికొచ్చాక పిల్ల పుట్టింది. తల్లి భుజం మీద ఒక చార మధ్యలో రెండుగా చీలి ఉండేది. ఆకలేసినా, భయమేసినా పిల్ల వచ్చి ఆ చీలిక దగ్గరే మూతి ఆనించేది.

అప్పుడు జమీందారింటికి గొప్ప గొప్ప చుట్టాలొస్తున్నారని కబురొచ్చింది. ఎండకీ దుమ్ముకీ చారలు వెలిసిపోయాయని, నిగనిగలాడేలా దిద్దమని ఎర్రయ్యని పిలిపించారు. మేత వేసే మస్తాను ఒక్క మాట చెప్పాడు, ఆ భుజం జోలికి మాత్రం పోవద్దని, దాన్ని చూసే పిల్ల తల్లి దగ్గరికొస్తుందని. ఎర్రయ్య నవ్వేశాడు. కన్నతల్లిని పోల్చుకోడానికి గీతలెందుకయ్యా అన్నాడు.

కాళ్ళకి బందం వేయించి, పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా దిద్దాడు. తెల్లచోట సుద్ద, నల్లచోట మసి, పైన వార్నీషు. వంకరవన్నీ సాపు చేశాడు. చివరికి చీలిన చార ఒక్కటి మిగిలింది. చెయ్యి ఊరుకుంటేనా? దాన్నీ కలిపేశాడు.

ఆ తర్వాత పిల్లని వదిలారు. పరిగెత్తుకుంటూ వచ్చింది. తల్లి ముందు ఆగింది. భుజం చూసింది, వాసన చూసింది. వార్నీషు కంపు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తల్లి పిలుస్తూ వెంటపడితే బెదిరిపోయి మూల నక్కింది. చుట్టాలు మాత్రం భలే ఉందన్నారు. ఎర్రయ్యకి శాలువా కూడా కప్పారు.

పిల్ల తల్లి దగ్గరికి పోవట్లేదని తెలిసి, మొదటిరోజు ఎర్రయ్య ఆ రంగుని కుంకుడురసంతో కడిగాడు. వార్నీషు కదల్లేదు. రెండోరోజు కిరసనాయిలు పెట్టి రుద్దాడు. రంగుతోపాటు బొచ్చూ ఊడిపోయి భుజమంతా బోడిగా అయిపోయింది. మూడోరోజు ఆ చీలిన చారని మళ్ళీ గీద్దామని కుంచె ఎత్తాడు. ఎక్కడ చీలిందో, ఏ పాయ లావో, ఏది సన్నమో, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. సరిగ్గా చూసుంటే కదా గుర్తుండటానికి! తప్పు గీత అనుకున్నాడు, కలిపేశాడు, అంతే.

ఈ మూడురోజులూ పిల్ల ఏం చేసిందనుకున్నావు? కొట్టం కిటికీకి ఊచలుంటాయి కదా, వాటి నీడ గోడ మీద చారలు చారలుగా పడేది. అదే అమ్మనుకుంది పిచ్చిది. గోడకి మూతి ఆనించి పాల కోసం తడుముకునేది. మస్తాను మేకపాలు పట్టబోతే నోరు తిప్పుకునేది. ఎండ జరిగితే నీడ జరిగేది, నీడ వెంట అదీ జరిగేది. మూడోరోజు పొద్దుగూకి నీడ పోయింది. పిల్ల ఆ గోడ కిందే పడుకుంది, ఇక లేవలేదు.

ఏడవకు. సరే, ఏడువులే. ఎర్రయ్యా ఏడ్చాడు. మస్తాను దగ్గర చతికిలబడి, "నువ్వు చెప్పావయ్యా. నేనే విన్లేదు" అన్నాడు. మస్తాను లేచి తల్లికి మేత వెయ్యడానికి వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత దసరా వచ్చింది. పులివేషం కట్టే ప్రతివాడికీ ఎడమ చెంప మీద అరచేతి మేర రంగు వెయ్యకుండా వదిలేశాడు ఎర్రయ్య. మర్చిపోయావా అని వాళ్ళు నవ్వితే, "ఇంట్లో పిల్లలున్నారుగా, ఉండనీ" అన్నాడు.

ఇంకొన్నాళ్ళకి తల్లికి కొత్త బొచ్చు వచ్చింది. భుజం మీద చార కూడా మొలిచింది, దానంతటదే, ఎక్కడ చీలాలో అక్కడే చీలి. ఆ భుజాన్ని పిల్ల పడుకున్న గోడవైపు తిప్పుకుని రోజంతా నిలబడేది తల్లి.

చార కలిపిన చేతికి చింత,
బిడ్డ ఎరగని తల్లికి చింత,
కథేమో కంచికి కదిలిందమ్మా,
నువ్వు నా ఒళ్ళోకి ఒదగవమ్మా.