తిరగని చంద్రుడు

ఫకీరప్పకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాన్ని వదిలించుకుందామనే కుర్రతనంలో వచ్చి, దర్గా దగ్గరుండే సూఫీ ఫకీరు మౌలాలి తాతకు శిష్యుడయ్యాడు. పదకొండేళ్ళయింది. నిన్న దర్గాలో చక్కెర పెట్టి చదివింపులు చేయించుకోవడానికి వచ్చిన ఒక ముసలమ్మ అప్పుడే కడిగిన గచ్చు మీద బురద కాళ్ళతో నడిచింది. అంతే, "కండ్లు కనపడవా?" అంటూ మీదికి లేచాడు. పాపం, ఆమెకు నిజంగానే కనపడవు. రెండు కళ్ళకూ శుక్లాలు.

తెల్లవారగానే మూట కట్టుకుని తాత ముందు నిలబడ్డాడు.

"పోతాండా తాతా. నేను బాగుపడే రకం కాదు."

"ఎవరు చెప్పినార్రా?"

ఫకీరప్ప పడమటి దిక్కు చూపించాడు. పున్నమి దాటిన చంద్రుడు ఇంకా గుంకలేదు, తెల్లగా వెలవెలబోతున్నాడు.

"నా బతుకూ దాని మాదిరే. ఎప్పుడు చూడు, అదే మొగం, అదే కుందేలు. భూమి చుట్టూ పోతాదే గానీ తాను మాత్రం ఇటు నుంచి అటు తిరగదు. నేనూ ఇన్నేండ్లుగా నీ చుట్టూ తిరుగుతాండా. ఏం మారింది?"

తాత లేచి వాకిలి నడుమకు వచ్చి కూర్చున్నాడు.

"మూట పక్కన పెట్టు. మొగం ఆ కొండ వైపే పెట్టి, ఎటూ తిరక్కుండా నా చుట్టూ రా."

ఫకీరప్ప అడ్డంగా కొంత, వెనక్కి కొంత అడుగులేస్తూ ఎలాగో ఒక చుట్టు వచ్చాడు.

"నీ వీపు కనపడిందిరా. చొక్కా చినిగింది, కుట్టుకో. ఇప్పుడు నన్నే చూస్తా రా. నా వెనక ఏం కనపడితే అది చెప్పు."

"కొండ... చింతతోపు... బస్సుల రోడ్డు... దర్గా గుమ్మటం... మళ్ళీ కొండ."

"నాకు మాత్రం నీ మొగం తప్ప ఏమీ కనపడలేదు. తిరగనోడికి నాలుగు దిక్కులూ ఎట్లా కనపడినాయిరా?"

ఫకీరప్ప తలెత్తి ఆకాశం వైపు చూశాడు.

"అంటే, అదీ తిరుగుతాందా?"

"నా చుట్టూ ఒకసారి వచ్చేలోపల నువ్వూ ఒకసారి తిరిగినావు. అదీ అంతే."

"దాని సంగతి సరే తాతా. నా కోపం సంగతేంది?" అన్నాడు ఫకీరప్ప. "నిన్న ఆ యమ్మ ఏడుస్తా పోయింది."

"కుంటుతాండావేం?"

"ముల్లు దిగింది."

"యాడ?"

ఫకీరప్ప తల దించుకున్నాడు. "బస్టాండు దారిలో. తప్పయిందమ్మా అని చెప్పేదానికి ఆమె వెనక పరిగెత్తినా. చెప్పులేసుకోవాలని తోచలేదు."

తాత అతన్ని కూర్చోబెట్టి, ఆ కాలు తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ముల్లు కోసం వేలితో తడుముతూ అడిగాడు.

"వచ్చిన కొత్తలోనూ శానామందిని తిట్టినావు. ఎవరి వెనకైనా పరిగెత్తినావా?"