పేర్లు పలకని ఇల్లు

అనగనగా, మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఊగుతున్న కాలంలో, ఏటి ఒడ్డున గోగులరేవు అనే ఊరుండేది. ఊ కొట్టండర్రా, ఊ కొట్టకపోతే నాకు కథ సాగదు.

ఆ రేవు ఇప్పుడు లేదు. ఇసుక మేటవేసి పడవలు రావడం మానేశాయి. కానీ ఆ రోజుల్లో! తెల్లారేసరికి కుండల పడవలు, చింతపండు పడవలు, బెల్లం పడవలు బారులు తీరేవట. పడవ మీంచి ఒకరు కేకేస్తే ఒడ్డు మీంచి నలుగురు పలికేవారట. మా అమ్మమ్మ చెబుతుంటే విన్నదాన్నే, అయినా తలుచుకుంటే ప్రాణం లేచొస్తుంది. అలాంటి రోజులు మళ్లీ వస్తాయా!

ఆ ఊళ్లో తమ్మిశెట్టి అనే బెల్లం వర్తకుడు ఉండేవాడు. ఆయన భార్య బంగారమ్మ, కొడుకు గవరయ్య, కోడలు వీరమ్మ, మనవడు కోటప్ప. కలిగిన ఇల్లు. ఒక్కటే లోటు. కోటప్పకి నాలుగో ఏడు నడుస్తున్నా నోట మాట లేదు. చెవులు బాగానే వినపడేవి. చెప్పింది అర్థమయ్యేది. కావలసినదాన్ని వేలు పెట్టి చూపించేవాడు. అంతే.

ఒకసారి తీర్థంలో తల్లి చెయ్యి వదిలి జనంలో తప్పిపోయాడు. వీరమ్మ గుండెలు బాదుకుంటూ వెతికింది. వాడి పక్క నుంచే వెళ్లిపోయింది కూడా. వాడు ఆమెను చూశాడు, కళ్లనీళ్లు కార్చాడు, పిలవలేకపోయాడు. చివరికి పూసలమ్మే ఆవిడెవరో చెయ్యి పట్టుకుని తెచ్చి అప్పగించింది. ఆనాటి నుంచి వీరమ్మ కంటికి కునుకు లేదు.

"వాడు నన్ను అమ్మా అని ఒక్కసారి పిలిస్తే చాలు. నాకింకేమీ వద్దు" అని ఏడ్చేది.

మొదట వైద్యుడు వచ్చాడు. వసకొమ్ము తేనెలో అరగదీసి వాడి నాలిక మీద రాశాడు. "చూస్తూ ఉండండి, వసపిట్టలా వాగుతాడు" అన్నాడు. కోటప్ప మొహం చిట్లించాడు, పెదవి విప్పలేదు.

తరువాత పంతులు వచ్చాడు. సున్నుండ చేత్తో పట్టుకుని, "అమ్మ అను, పెడతా! తాత అను, పెడతా!" అని పొద్దుట మొదలుపెట్టి పొద్దుగూకేదాకా అదే పాట. ఇంటిల్లిపాదీ వంత పాడారు. పిల్లాడు బెదిరిపోయి గాదె చాటున నక్కాడు. ఆ సున్నుండ చివరికి పంతులుగారే తినేశారు. నవ్వకండి, పాపం ఆయనకీ ఆకలేస్తుందిగా.

మూడోసారి గవరయ్య పడవవాళ్ల దగ్గర ఒక గోరింకను కొనుక్కొచ్చాడు. "ఇది ఇట్టే మాటలు నేర్చుకుంటుందట. దీన్ని చూసైనా వాడు నేర్చుకుంటాడు" అన్నాడు.

నిజంగానే గోరింక ఇట్టే నేర్చేసింది. ఏం మాటలనుకున్నారు? పొద్దున్నే "ఏమండీ!" మధ్యాహ్నం "ఇదిగో!" సాయంత్రం "ఒసేయ్, నిన్నే!"

వీరమ్మకి ఒళ్లు మండింది. పంజరం ముందు కూలబడి, "పిట్టవి, నీకు మాటొచ్చిందే! నా బిడ్డకి రాలేదే! వాడికి అమ్మా అనడం నేర్పకూడదటే?" అంది.

గోరింక తల వంచి ఆమెను చూసింది. "అమ్మడూ, నేను విన్నదే పలుకుతాను. ఈ ఇంట్లో ఎవరైనా ఎవరినైనా వరస పెట్టో, పేరు పెట్టో పిలవగా నేను వింటేగా?" అంది.

నిజమే మరి. ఆ ఇంటి ఆచారం అలాంటిది. భార్య భర్త పేరెత్తకూడదు, భర్త భార్య పేరెత్తకూడదు. పెద్దల పేరు పలికితే ఆయుక్షీణమని బంగారమ్మ పట్టు. అది ముదిరి ముదిరి వరసలు కూడా నోట రాకుండా పోయాయి. పిల్లాడితో సైతం "వాళ్ల దగ్గరికి వెళ్లు", "వీళ్లు పిలుస్తున్నారు చూడు" అనేవారు.

"అమ్మ అను, అమ్మ అను అని పోరారు సరే, అమ్మంటే ఎవరో ఒక్కరైనా చూపించారా?" అంది గోరింక. "కొందరు పిల్లలకి మాట గాలికే అబ్బుతుంది. కొందరికి తెచ్చి చేతిలో పెట్టాలి. ఇందులో వాడి తప్పేం లేదు, నీ తప్పూ లేదు."

ఆ సాయంత్రం వీరమ్మ ధైర్యం తెచ్చుకుని, "అత్తయ్యగారూ!" అంది. ఆ ఇంట్లో ఆ పిలుపు వినపడడం అదే మొదలు. "రేపటి నుంచి వాడి ముందుకు ఎవరొచ్చినా తామెవరో చెప్పుకోవాలండీ."

"హవ్వ! ఆయుక్షీణం కాదూ!" అని బంగారమ్మ బుగ్గలు నొక్కుకుంది.

తమ్మిశెట్టి నవ్వాడు. "కానీవే బంగారమ్మా! నా ఆయుష్షులో నాలుగు రోజులు తగ్గితే తగ్గనీ. వాడు తాతా అని పిలిస్తే మిగతా రోజులన్నీ నాకు పండగే" అన్నాడు.

ఇక ఆ ఇల్లు చూడాలి! తమ్మిశెట్టి రేవు నుంచి వస్తూనే మనవడి ముందు గొంతుక్కూర్చుని, గుండె మీద చెయ్యి వేసుకుని, "తాత వచ్చాడు" అనేవాడు. బంగారమ్మ బెల్లం ముక్క పట్టుకుని, "నానమ్మ పెడుతుంది" అని వాడి కళ్లలోకి చూస్తూ కాసేపు ఆగేది. గదమడం లేదు, బతిమాలడం లేదు. వాడు పలకకపోతే మళ్లీ తనే "నానమ్మ" అని నవ్వుతూ నోట్లో పెట్టేది.

ఎండలు పోయి వానలొచ్చాయి. ఒకనాడు తమ్మిశెట్టి తాటాకు గొడుగు మూసి లోపలికి అడుగు పెట్టాడు. ఆయన నోరు తెరవకముందే, "తా" అన్నాడు కోటప్ప.

"అవున్రా నాయనా, తాతనే! తాతనేరా!" అని ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. వానలు వెలిసేసరికి "నానమ్మ" వచ్చింది. చలి ముదిరేసరికి "నాన్న" వచ్చింది.

అమ్మ మాత్రం రాలేదు.

వీరమ్మ అందరితో పాటు నవ్వింది, చాటుకు పోయి కళ్లు తుడుచుకుంది. "అందరినీ పిలిచాడు. నేనేం పాపం చేశాను?" అని గోరింకను అడిగింది.

"పిచ్చిదానా! వాడికి దాహం వేయకముందే నీళ్లతో నిలబడతావు. ఎదురుగా ఉన్నదాన్ని ఎందుకు పిలుస్తాడు? కాస్త చాటుకెళ్లి చూడు" అంది గోరింక.

మర్నాడు అందరూ వాడితో దోబూచులాడారు. వీరమ్మ "అమ్మ ఎక్కడ?" అని తలుపు చాటుకు వెళ్లింది. మామూలుగా అయితే మరుక్షణమే వచ్చేసేది. ఈసారి రాలేదు. కోటప్ప తాతను చూశాడు. నానమ్మను చూశాడు. నాన్నను చూశాడు. వాడి పెదవి వణికింది. బంగారమ్మ ఉండబట్టలేక చెప్పబోతే, తమ్మిశెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు. తలుపు వెనక వీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కన్నతల్లికి అంతకన్నా కష్టమైన పని ఇంకోటి ఉంటుందా?

"అమ్మ" అన్నాడు కోటప్ప.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉండిపోయింది. వాడు ఊరుకోలేదు. ఇల్లు దద్దరిల్లేలా, "అమ్మా!" అని పిలిచాడు.

"వచ్చె, వచ్చె, అమ్మ వచ్చె!" అంటూ వీరమ్మ పరుగెత్తుకొచ్చి వాడిని ఎత్తుకుంది.

మాట ఆలస్యమైన బిడ్డకి ముందు మనమెవరమో ప్రేమగా పలికి వినిపించాలి, ఆ తరువాత వాడు పలికేదాకా ఓపిగ్గా ఆగాలి, ఇదే ఈ కథలో నీతి.