రేపు వస్తున్నాను

సంస్థానాలు ఉన్న రోజుల్లో మా చిత్తలూరులో గవరయ్య అని ఓ చిరుద్యోగి ఉండేవాడు. ఊళ్లో బావులు, కాలువలు, అంగళ్లు, వంటశాలలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడటం ఆయన పని. చెప్పాపెట్టకుండా వచ్చి గంగాళం అడుగున వేలు పెట్టి చూసేవాడు.

ఊరి సత్రం దివాను భుజంగరావుది. అక్కడ తిన్న బాటసారులు వాంతులతో మంచం పట్టారని తెలిసి గవరయ్య ఆ వంటింట్లోకి వెళ్లాడు. దివానుకి ఒళ్లు మండింది. ముందురోజు కబురు పెట్టకుండా గవరయ్య ఎవరి గడపా తొక్కకూడదని రాజుగారి చేత ఆజ్ఞ ఇప్పించాడు.

"చిత్తం" అన్నాడు గవరయ్య. ఆ సాయంత్రమే సత్రానికి కబురు పంపాడు: "రేపు వస్తున్నాను."

వంటవాళ్లు గిన్నెలు తోమారు, బూజు దులిపారు, కుండల్లో నీళ్లు మార్చారు. గవరయ్య రాలేదు. సాయంత్రం మళ్లీ అదే కబురు వచ్చింది. నెల్లాళ్లు ఇదే వరస.

దివాను రాజుగారి దగ్గర మొరపెట్టుకున్నాడు. "రోజూ వస్తానంటాడు, ఒక్కరోజూ రాడు ప్రభూ! కడగలేక మావాళ్ల నడుములు పడిపోతున్నాయి."

రాజుగారు పిలిపిస్తే గవరయ్య వచ్చి చేతులు కట్టుకుని అన్నాడు. "రోజూ కడుగుతున్నారని తెలిసే రావడం లేదు ప్రభూ. కడగని రోజేదో దివానుగారు సెలవిస్తే ఆ రోజే వస్తాను."

రాజుగారు నవ్వు ఆపుకోలేకపోయారు.

గవరయ్య పోయాడు, సంస్థానమూ పోయింది. అయినా మా అమ్మమ్మ పొయ్యి అలుకుతూ "రేపు గవరయ్య వస్తాడే" అనేది. ఆ మాట వింటూ పెరిగిన నాకు, సింకులో ఎంగిలి గిన్నె ఉంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.