నర్సమ్మ గారి కారుకు నీలం మూత

దరియావలి మేస్త్రిని ఎవరేది అడిగినా నోటితో జవాబు చెప్పడు, చేతికి పని ఇస్తాడు. ఒంగోలులో ఆయన కార్ల రంగుల షెడ్డులోకి పోయి టైమెంతయిందని అడిగినా సరే, ముందు ఒక ఉప్పుకాగితం చేతిలో పడుతుంది. ఆయన కన్ను మరీ ఘోరం. తెలుపులోనే నలభై రెండు తెలుపులు విడదీస్తాడు. పాలలో నీళ్లు కలిస్తే వీధి మలుపు నుంచే కనిపెడతాడని ఆయన భార్యే ఒట్టేసి చెబుతుంది.

ఆయన దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్న ఏడుకొండలు ఒక శనివారం పొద్దున్నే ప్రశ్న పట్టుకొచ్చాడు. తొమ్మిదేళ్లుగా మాటల్లేని అన్న, ఆదివారం భోజనానికి రమ్మని కబురంపాడు. ఈసారి గనక చెడితే ఇక ఈ జన్మకు అతకదని అతని భయం. మూడు రోజులుగా అతను విడుస్తున్న నిట్టూర్పులతో కంప్రెసర్ అక్కర్లేకుండా నాలుగు లారీల టైర్లకు గాలి కొట్టొచ్చు.

“మేస్త్రీ, చిన్నప్పుడు మేమిద్దరం ఎట్లా ఉండేవాళ్లమో మళ్లీ అట్లా కావాలంటే రేపు ఏం మాట్లాడాలి?”

“నర్సమ్మ గారి కారుకు పెట్రోలు మూత ఊడదియ్యి,” అన్నాడు మేస్త్రి.

ఊరూరా తిరిగి కాన్పులు చేసే నర్సమ్మ గారి పద్దెనిమిదేళ్ల నీలం కారది. బంకులో ఎవరో గొట్టం తగిలించి, ట్యాంకు నోటికి అడ్డంగా ఉండే ఆ చిన్న తలుపు మీద రంగు పెచ్చు లేపారు. తుప్పు పట్టింది. ఏడుకొండలు మరలు రెండూ విప్పి, లోపలికి దుమ్ము పోకుండా గుడ్డ కుక్కి టేపు వేశాడు. మూతను తుప్పు పోయేదాకా గీకి, నీళ్లు చిలకరిస్తూ రుద్ది, ప్రైమర్ కొట్టాడు. కారుకు కంపెనీ అంటించిన చీటీలో రంగు నెంబరు చూసి, చుక్క తేడా లేకుండా నీలం కలిపాడు. ఆరిన మూతను చూస్తే ఆకాశం దిగొచ్చి అందులో తల దువ్వుకునేట్టుంది.

బిగించాక చూస్తే ఏముంది! ఎండలు తిని తిని కారేమో ఉతికి ఉతికి అరిగిన లుంగీలా ఉంది. దానికి పట్టుగుడ్డతో మాసిక వేసినట్టు ఆ మూత చీరాల దాకా కనిపిస్తోంది.

“నెంబరు తప్పలేదు మేస్త్రీ, ఒట్టు! ఇది పుట్టినప్పటి రంగు ఇదే.”

“పుట్టినప్పుడు నీకు మీసాలున్నాయా?”

ఏడుకొండలు బుర్ర గోక్కున్నాడు. “పోనీ, కారంతా గీకేసి ఇదే రంగు కొడితే?”

మేస్త్రి నవ్విన నవ్వుకు రేకుల మీది కాకులన్నీ లేచి పక్క మండలానికి పోయాయి. “ఒక్క మూత కోసం కారే మారాలా నాయనా?”

మూత మళ్లీ ఊడదీయించి, ఈసారి రంగు కలిపే బల్లను ఆరుబయట కారు పక్కనే వేయించాడు. నీలంలో చుక్క తెలుపు, సూదిమొనంత పసుపు, రవ్వంత బూడిద. అట్టముక్క మీద కొట్టడం, ఆరబెట్టడం, కారు ఒంటికి ఆనించి చూడడం. తక్కువ లెక్కేసినా నూట పదకొండు అట్టలు పోయి ఉంటాయి. మొదట్లో డబ్బాలనే చూస్తూ కలిపిన ఏడుకొండలు, పోనుపోనూ కారునే చూడసాగాడు. డ్రైవరు తలుపు మీద నర్సమ్మ గారి మోచెయ్యి ఆనీ ఆనీ నునుపెక్కిన చోటు. ఏ వానలో ఎవరి కాన్పుకు పరుగెత్తిందో, వెనక పక్కన కంపకు గీసుకుపోయిన గీత. ఆరేళ్లుగా ఎన్నిసార్లు కడిగాడో ఆ కారును, వీటిని ఒక్కసారీ చూసి ఎరగడు.

పొద్దు వాలేసరికి మూత కారులో కలిసిపోయింది. దాని మీద వాలిన ఈగ కూడా ఎక్కడ వాలానా అని తికమక పడింది. ఏడుకొండలు దాన్ని అరచేత్తో నిమిరాడు. 

“ఇంతకీ మా అన్నతో ఏం మాట్లాడను మేస్త్రీ?”

మేస్త్రి కడుగుతున్న రంగు గన్ను మీంచి తల ఎత్తలేదు.

“ముందు ఆయన్ని వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టుకుని కాసేపు ఊరికే చూడు కొండలూ. తొమ్మిది ఎండాకాలాలు పోయాయి కదా.”